లాగిన్ మీదైతే జవాబూ మీదే: డిజిటల్ ఆసుపత్రిలో ఉద్యోగులకు కొన్ని జాగ్రత్తలు

పీహెచ్‌సీలో చేస్తున్నా, మండల కేంద్రంలోని యాభై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నా ఇప్పుడు మన డ్యూటీలో చాలా భాగం స్క్రీన్ ముందే గడుస్తోంది. ఓపీ కౌంటర్‌లో ఆభా నంబరు, వార్డులో ఆన్‌లైన్ కేస్ షీటు, ల్యాబ్‌లో బార్‌కోడు, ఫార్మసీలో స్టాక్ సాఫ్ట్‌వేర్, ఫీల్డులో ట్యాబ్, క్షయ రోగులకు నిక్షయ్, టీకాలకు యూ-విన్, టెలికన్సల్టేషన్‌కు ఈ-సంజీవని. వీటికి తోడు చాలాచోట్ల పొద్దున రాగానే ఫోన్‌కు ముఖం చూపించి వేయాల్సిన హాజరు.

ఇదేమీ నిన్నమొన్న వచ్చిపడిన మార్పు కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడే ఫోన్‌నూ కంప్యూటర్‌నూ అంబులెన్సునూ కలిపి నడిపే పద్ధతి మన దగ్గరికి వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, ఆపరేషన్‌కు ముందు ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవడం నెట్‌వర్క్ ఆసుపత్రులకు అలవాటైంది. కొవిడ్ కాలం వీడియో కన్సల్టేషన్‌ను పల్లెదాకా తెచ్చింది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ ముక్కలన్నిటినీ పేషెంటుకు ఇచ్చే ఆభా అనే ఒక్క నంబరుతో కలిపే పనిలో ఉంది. 2025లో కుప్పంలో టాటా సంస్థతో కలిసి డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది. ఇవాళ కాకపోతే రేపు మీ జిల్లాకూ ఇలాంటిదేదో వస్తుంది.

దీనివల్ల పేషెంటుకు మేలే. కాగితాలు పోగొట్టుకున్నా పాత రిపోర్టు దొరుకుతుంది, స్పెషలిస్టు సలహా కోసం బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లే అవసరం కొంత తగ్గుతుంది. ఆ మాట పోస్టర్లు చెబుతూనే ఉన్నాయి. పోస్టరు మీద లేని మాట ఇంకొకటుంది. తప్పు జరిగిన రోజు సిస్టం ముందుగా చూపించేది ఆ ఎంట్రీ ఎవరి లాగిన్‌తో పడిందో. రిజిస్టర్ల కాలంలో చేతిరాత ఎవరిదో తేల్చడానికి విచారణ జరిగేది. ఇప్పుడు లాగ్ తీస్తే పేరు, తేదీ, నిమిషంతో సహా బయటపడుతుంది. స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఎంఎల్‌హెచ్‌పీలు, ఏఎన్‌ఎంలు, ఫార్మసిస్టులు, ఆరోగ్యమిత్రలు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు ఈ విషయం మనసులో పెట్టుకుని పనిచేయాలి. ఎక్కడెక్కడ దెబ్బతింటామో, ఎలా తప్పించుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

పేరు దగ్గర మొదలయ్యే తప్పు

డిజిటల్ తప్పుల్లో ఎక్కువ నష్టం చేసేది రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనే పుడుతుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటలక్ష్ములు ఉండటం మనకు కొత్త కాదు. ఆధార్‌లో ఒకరికి ఇంటిపేరు ముందు, ఇంకొకరికి చివర. ఒకరికి వెంకట, లక్ష్మి మధ్య ఖాళీ ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. పెద్దవాళ్లలో చాలామందికి పుట్టినరోజు జనవరి 1. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ నంబరు, అది కూడా కొడుకుది.

ఇలాంటిచోట ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చూడండి. సోమవారం ఓపీ, కిటికీ ముందు పెద్ద లైను. ఆపరేటర్ ఫోన్ నంబరు కొట్టగానే ఒక వెంకటలక్ష్మి రికార్డు వస్తుంది. “వెంకటలక్ష్మేనా అమ్మా?” అంటాడు. ఆమె “ఆ” అంటుంది. టోకెన్ వెళ్లిపోతుంది. అది ఆమె తోడికోడలి రికార్డు. అందులో షుగరు మందులున్నాయి, ఈమెకు షుగరే లేదు. డాక్టరు స్క్రీన్ చూసి పాత మందులే కొనసాగించమంటే ఆ మాత్ర ఎవరి కడుపులో పడుతుంది? తర్వాత విచారణలో “పేషెంటే అవునంది” అన్న జవాబు నిలబడదు.

జాగ్రత్త చిన్నదే. అవునా కాదా అని అడగొద్దు, చెప్పించుకోండి. “మీ పూర్తి పేరు చెప్పండమ్మా. ఏ ఊరు? భర్త పేరు? వయసెంత?” అని అడిగి, కనీసం రెండు వివరాలు కలిశాకే రికార్డు తెరవండి. పడక నంబరుతో గానీ, “మూలన ఉన్న పెద్దావిడ” అన్న గుర్తుతో గానీ వార్డులో ఏ పనీ చేయొద్దు. కొత్త రికార్డు సృష్టించే ముందు పాతది ఉందేమో పేరుతో ఒకసారి, నంబరుతో ఒకసారి వెతకండి. రెండు రికార్డులు దొరికితే మీరే ఒకదాన్ని తీసేయకుండా, విలీనం చేసే అధికారం ఎవరికుందో వాళ్లకు రాసి పంపండి. ఒకరి రక్తపు గ్రూపు ఇంకొకరి ఖాతాలో కలిస్తే విడదీయడం చాలా కష్టం.

ఆభా విషయంలో ఇంకో ఒత్తిడి ఉంది. ఆభా పద్నాలుగు అంకెల నంబరు, స్వచ్ఛందం. అది లేదని చికిత్స ఆపకూడదు. కానీ డిజిటల్ రికార్డులు జోడించిన ఆసుపత్రులకు ప్రోత్సాహకం ఇచ్చే పథకం 2023లో వచ్చింది. అందుకే కొన్నిచోట్ల మేనేజ్‌మెంట్ “రోజుకు ఇన్ని లింకులు” అని టార్గెట్ పెడుతుంది. టార్గెట్ కోసం పేషెంటుకు చెప్పకుండా ఓటీపీ అడిగి తీసుకోవడం, పక్కనున్న బంధువు నంబరుతో పని కానిచ్చేయడం జరుగుతున్నాయి. ఇవి రెండూ ముందు ముందు మెడకు చుట్టుకునే పనులు. ఓటీపీ దేనికో ఒక్క వాక్యంలో చెప్పండి: “మీ రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఉంచడానికమ్మా, మీకు ఇష్టమైతేనే.” ఆమె వద్దంటే “నిరాకరించారు” అని నమోదు చేసి మామూలు టోకెన్ ఇవ్వండి. ఇంకో మాట, బ్యాంకు మోసాల భయంతో జనం ఓటీపీ చెప్పడానికి జంకుతున్నారు. అది మంచి అలవాటే, దాన్ని చెడగొట్టే పని మనం చేయకూడదు.

పాస్‌వర్డ్ పంచుకుంటే తప్పూ పంచుకున్నట్టే

నైట్ డ్యూటీలో ఇద్దరే సిస్టర్లు, ఒకటే కంప్యూటర్. పొద్దుటి షిఫ్టు వాళ్ల లాగిన్ తెరిచే ఉంటుంది. మళ్లీ లాగవుట్, లాగిన్ ఎందుకులే అని అందులోనే ఇంజెక్షన్ ఎంట్రీ వేసేస్తారు. లేదా మెడికల్ ఆఫీసర్ పాస్‌వర్డ్ చిన్న కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించి ఉంటుంది, ఆయన తరఫున ఎవరో “అప్రూవ్” నొక్కుతుంటారు. సదుపాయంగా ఉంటుంది కాబట్టి ఎవరూ కాదనరు. కానీ డోసు తేడా వచ్చిన రోజు లాగ్‌లో ఇంట్లో నిద్రపోతున్న సిస్టర్ పేరు కనిపిస్తుంది. తాను చేయలేదని ఆమే నిరూపించుకోవాలి. పాస్‌వర్డ్ ఇచ్చినందుకు ఒక మెమో, వాడినందుకు ఇంకొకరికి ఇంకో మెమో.

సీటు వదిలి లేచేటప్పుడు స్క్రీన్ లాక్ చేయండి. కొత్తగా చేరినవాళ్లకు లాగిన్ రాకపోతే మీది ఇవ్వకండి. “లాగిన్ కోసం ఫలానా తేదీన అడిగాం, వచ్చేవరకు కాగితం మీద రాస్తున్నాం” అని ఇన్‌చార్జికి రాతపూర్వకంగా పెట్టండి. ఉద్యోగం మారినప్పుడు, బదిలీ అయినప్పుడు పాత చోట మీ ఐడీ మూసేయమని రాసి, ఆ కాపీ దగ్గర ఉంచుకోండి. మీరు వెళ్లిపోయాక కూడా మీ ఐడీతో క్లెయిములు వెళ్తుంటే అది మీ సమస్యే అవుతుంది.

తప్పు ఎంట్రీ పడితే ఏం చేయాలి? చెరిపేయాలని చూడొద్దు. చాలా సాఫ్ట్‌వేర్లలో పాత విలువ లోపల అలాగే ఉంటుంది, మీరు మార్చిన సమయం కూడా ఉంటుంది. సవరణ ఎంట్రీ వేసి, కారణం రాసి, ఆ పేషెంటును చూస్తున్న డాక్టరుకు నోటితో కూడా చెప్పండి. సవరణ వెంటనే చేస్తే పొరపాటుగానే చూస్తారు. ఫిర్యాదు వచ్చాక చేస్తే ట్యాంపరింగ్ అంటారు.

టార్గెట్ కోసం వేసే దొంగ ఎంట్రీ

మనలో చాలామంది పడే ఒత్తిడి ఇది, అందుకే కాస్త వివరంగా చెప్పుకోవాలి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు వాటితో పాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ చేయాలన్నది కార్యక్రమం. ఫీల్డుకు వెళ్తే సగం మంది పొలం పనిలోనో ఉపాధి హామీ పనిలోనో ఉంటారు. ఇంట్లో ఉన్నవాళ్లలో కొందరు “నిన్ననే చూపించుకున్నాం” అని పంపేస్తారు. సాయంత్రం జూమ్ మీటింగ్‌లో మాత్రం జాబితా చదువుతారు: ఏ సబ్‌సెంటర్ ఎరుపులో ఉంది, ఏది ఆకుపచ్చలో ఉంది. రాత్రి భోజనం అయ్యాక ట్యాబ్ ముందేసుకుని మిగిలిన పేర్లకు 120/80, 120/80 అని నింపేయడం అలా మొదలవుతుంది.

ఏం జరుగుతుందంటే, ఆ 120/80 పడిన పేరుకు సిస్టం ఇక ఏడాదిపాటు గుర్తుచేయదు. ఆ మనిషి నిజం బీపీ 170/100 అయితే ఫాలోఅప్ జాబితాలో అతని పేరు రాదు. పక్షవాతంతో పడ్డ రోజు కొడుకు ఆసుపత్రికి తీసుకొస్తే, రికార్డు తెరిచిన డాక్టరుకు “రెండు నెలల క్రితం బీపీ నార్మల్” అని కనిపిస్తుంది. ఆ రోజు అతను ఊళ్లోనే లేడని కొడుక్కి తెలుసు. అప్పుడు టార్గెట్ పెట్టిన అధికారి పేరు ఎక్కడా ఉండదు. లాగిన్ పేరే ఉంటుంది.

నింపిన అంకెలు పట్టుబడవని కూడా అనుకోవద్దు. నిజంగా కొలిస్తే 118, 134, 126, 152 ఇలా చెదురుమదురుగా వస్తాయి. వరుసగా సున్నాతో ముగిసే అంకెలు, రాత్రి తొమ్మిదిన్నరకు అరగంటలో నలభై ఎంట్రీలు, అన్నీ ఒకే జీపీఎస్ పాయింటు నుంచి. డేటా చూసే మనిషికి అయిదు నిమిషాల పని అది.

మరి టార్గెట్ సంగతి? అందకపోతే అందలేదని చెప్పడమే. ఎలా చెప్పాలో మాత్రం నేర్చుకోవాలి. “అవ్వలేదు సార్” అంటే తిట్లు తప్పవు. అంకెతో, కారణంతో, రేపటి ప్లానుతో చెబితే మాట నిలుస్తుంది. ఫీల్డు నుంచి వచ్చిన వెంటనే మెడికల్ ఆఫీసర్‌కు ఇలా ఒక మెసేజ్ పెట్టండి: “సార్, ఈరోజు జాబితాలో నలభై మంది. పదిహేడు మందికి చూశాను. పద్నాలుగు మంది పనికి వెళ్లారు, ఆరుగురు వలస, ముగ్గురు వద్దన్నారు. పనికి వెళ్లినవాళ్లను శుక్రవారం పొద్దున ఏడింటికి చూస్తాను. ఆశాకు చెప్పాను.” ఈ మెసేజ్ మీకు రక్షణ, ఆయనకు పై మీటింగ్‌లో చెప్పుకోవడానికి ఆధారం. వలస వెళ్లినవాళ్లను, చనిపోయినవాళ్లను జాబితా నుంచి తీయించడం కూడా పనిలో భాగమే. దానిని నెలలు వాయిదా వేసి తర్వాత శాతం రాలేదని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

కాగితమూ యాపూ రెండూ నింపాల్సి రావడం ఇంకో తలనొప్పి. దీనికి మన చేతిలో పూర్తి పరిష్కారం లేదు. కానీ ఒక క్రమం పెట్టుకోండి. పేషెంటు ఎదుట ఉండగానే కొలిచిన అంకె ఎక్కడో ఒకచోట, సమయంతో సహా పడాలి. సిగ్నల్ ఉంటే యాప్‌లో, లేకపోతే నోట్‌బుక్‌లో. ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసే వీలున్న యాప్ అయితే సెంటర్‌కు రాగానే సింక్ అయ్యిందా లేదా చూసుకోండి. సింక్ కాకముందే యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే రోజంతా చేసిన పని పోవచ్చు. ఆలస్యంగా ఎక్కించేటప్పుడు చూసిన తేదీనీ ఎక్కించిన తేదీనీ కలపొద్దు.

వీడియోలో డాక్టరు, పేషెంటు పక్కన మీరు

ఈ-సంజీవని 2019లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల కోసం మొదలైంది. దానిని తొలినుంచీ ఎక్కువగా వాడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. విలేజ్ క్లినిక్‌లోనో పల్లె దవాఖానాలోనో పేషెంటు పక్కన కూర్చునేది మీరు, హబ్‌లో స్క్రీన్ ముందు డాక్టరు. డాక్టరుకు కళ్లూ చేతులూ మీరే. అందుకని కాల్ కలపకముందే పని మొదలుపెట్టాలి. బీపీ, నాడి, ఊపిరి రేటు, జ్వరం, ఆక్సిజన్, షుగరు చూసి రాసుకోండి. ఆక్సిజన్ చూసే వేలికి నెయిల్ పాలిష్ ఉంటే తుడిపించండి, చేయి చల్లగా ఉంటే రుద్దించండి, లేకపోతే అంకె తప్పు వస్తుంది. వాడుతున్న మందుల స్ట్రిప్పులు చేతిలో పెట్టుకోండి. అలెర్జీ అడగండి. ఆడవాళ్లయితే నెల తప్పిందా అడగండి.

కాల్ కలిశాక వరుస ఇది: ఎవరు, ఏ బాధ, ఎన్ని రోజుల నుంచి, పాత జబ్బులేంటి, ఇప్పుడు కొలిచిన అంకెలు, మీకు ఏది భయంగా ఉంది. “సార్, నలభై ఎనిమిదేళ్ల మగమనిషి, మూడు రోజులుగా జ్వరం, ఇవాళ ఆయాసం, షుగరు ఉంది, ఆక్సిజన్ 91, ఊపిరి నిమిషానికి ఇరవై ఎనిమిది. ఇక్కడ ఉంచడం మంచిది కాదనిపిస్తోంది.” ఇంత చెబితే డాక్టరు అర నిమిషంలో నిర్ణయం తీసుకుంటారు. “జ్వరం పేషెంటు సార్” అని మొదలుపెడితే ఆయన ప్యారాసిటమాల్ రాసి తర్వాతి కాల్‌కు వెళ్లిపోతారు.

2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో మనకు పనికొచ్చేవి నాలుగున్నాయి. ఒకటి, పేషెంటే కాల్ చేస్తే ఒప్పుకున్నట్టే, కానీ హెల్త్ వర్కర్ మొదలుపెట్టిన కన్సల్టేషన్‌కు పేషెంటు స్పష్టంగా ఒప్పుకోవాలి, అది రికార్డు కావాలి. రెండు, షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తు, సైకోట్రోపిక్ మందులు టెలికన్సల్టేషన్‌లో రాయకూడదు. “ఎప్పుడూ వాడేవే కదా సార్, రాసేయండి” అని మధ్యవర్తిత్వం చేయొద్దు. మూడు, ప్రిస్క్రిప్షన్ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నాలుగు, పేషెంటు నేరుగా చూపించుకుంటానంటే ఫోన్ కన్సల్టేషనే చాలని పట్టుబట్టకూడదు.

పెద్ద ప్రమాదం ఎమర్జెన్సీ కేసును వీడియో క్యూలో కూర్చోబెట్టడం. ఛాతీ నొప్పితో చెమటలు పట్టిన మనిషి వస్తే టెలికన్సల్టేషన్ కౌంటు పెంచుకునే సమయం కాదది. ఈసీజీ ఉంటే తీయండి, మెడికల్ ఆఫీసర్‌కు నేరుగా ఫోన్ చేయండి, అదే సమయంలో 108కు ఇంకొకరితో చేయించండి. గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఏ ఏరియా ఆసుపత్రిలో ఉందో, అక్కడి డ్యూటీ నంబరేదో గోడ మీద రాసి ఉంచుకోండి. ఈసీజీ ఫొటో పంపేటప్పుడు పన్నెండు లీడ్లూ కనిపించాలి, తీసిన సమయం కనిపించాలి. పంపాక “చూశారా సార్” అని ఫోన్ చేసి అడగండి. రెండు నీలం టిక్కులు వచ్చాయంటే ఈసీజీని పరిశీలించారని కాదు. రిజిస్టరులో ఎప్పుడు వచ్చాడు, ఎప్పుడు ఫోన్ చేశాం, ఎవరు ఏమన్నారు, అంబులెన్స్ ఎప్పుడు బయల్దేరింది, ఈ నాలుగూ రాయండి.

ల్యాబ్, మందులు, డబ్బు

తెలంగాణ డయాగ్నస్టిక్స్ లాంటి పద్ధతిలో పీహెచ్‌సీలో తీసిన రక్తం హబ్‌కు వెళ్లి, రిపోర్టు ఆన్‌లైన్‌లో వస్తుంది. ఇక్కడ తప్పు దాదాపు ఎప్పుడూ ట్యూబ్ దగ్గరే. పని త్వరగా అవుతుందని పది ట్యూబులకు ముందే బార్‌కోడ్లు అంటించి వరుసగా రక్తం తీస్తే, మధ్యలో ఒకరు లేచి టీకి వెళితే మిగతా అందరివీ ఒక స్థానం జరుగుతాయి. తీసిన తర్వాత, పేషెంటు ఎదుటే, పేరు చెప్పించుకుని స్టిక్కర్ అంటించాలి. దీనికి మినహాయింపు లేదు.

రిపోర్టు వచ్చిందంటే పేషెంటుకు అందినట్టు కాదు. ఎస్ఎంఎస్ కొడుకు ఫోన్‌కు వెళుతుంది, కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. హిమోగ్లోబిన్ 5 వచ్చిన గర్భిణికి ఆ సంగతి ఎవరు చెబుతారు? రోజూ ఒక నిర్ణీత సమయంలో వచ్చిన రిపోర్టులు తెరిచి, ప్రమాదకరమైనవి ఏరి, డాక్టరుకు చెప్పి, ఆశా ద్వారా ఇంటికి కబురు పంపే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. అందరి బాధ్యత అంటే ఎవరిదీ కాదు.

డబ్బుతో ముడిపడిన ఎంట్రీల్లో ఒక్క అంకె తప్పినా ఫలితం పేషెంటు ఇంట్లో కనిపిస్తుంది. క్షయ రోగికి నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స నడిచినంతకాలం నెలకు వెయ్యి రూపాయలు నేరుగా ఖాతాలో పడాలి. 2024 నవంబరుకు ముందు అది అయిదు వందలు. ఖాతా నంబరు తప్పు పడినా, ఆధార్‌లోని పేరూ బ్యాంకు పేరూ కలవకపోయినా డబ్బు ఆగిపోతుంది. పాస్‌బుక్ మొదటి పేజీ ముందు పెట్టుకుని ఎక్కించండి, నోటితో చెప్పిన నంబరు ఎక్కించొద్దు. మొదటి నెల డబ్బు పడిందో లేదో అడిగి తెలుసుకోండి. డబ్బు రాలేదన్న కోపంతో మందు మానేసేవాళ్లు ఉంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ క్లెయిములు చూసేవాళ్లకు ఒకే మాట: కేస్ షీటులో ఉన్నదీ పోర్టల్‌లో ఉన్నదీ ఒకటే కావాలి. అడ్మిషన్ సమయం, ఆపరేషన్ సమయం, డిశ్చార్జి సమయం మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటే క్లెయిము ఆగుతుంది. ఒకరి ఫొటో బదులు ఇంకొకరిది పెట్టడం, ప్యాకేజీ సరిపోవడానికి రోగ నిర్ధారణ మార్చడం చిన్న సర్దుబాటు కాదు, మోసం కేసు. మేనేజరు నోటితో చెప్పాడని చేస్తే, మేనేజరు కాదంటాడు. “ఈ మార్పు మెయిల్‌లో పెట్టండి సార్, డాక్టరుగారి సంతకంతో చేస్తాను” అనండి. చాలాసార్లు ఆ మెయిల్ రాదు, ఆ మార్పూ ఆగిపోతుంది.

వాట్సాప్ గ్రూపు ఆసుపత్రి రికార్డు కాదు

పని వేగంగా జరగడానికి వాట్సాప్ వాడుతున్నాం, తప్పేమీ లేదు. అయితే పేషెంటు ముఖం, పేరు, జబ్బు మూడూ కలిసిన ఫొటో ఎనభై మంది ఉన్న గ్రూపులో పెట్టడం వేరే సంగతి. హెచ్ఐవీ విషయం అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తోంది. గర్భస్రావం, మానసిక వైద్యం, అత్యాచారం కేసుల్లోనూ గోప్యత పాటించాల్సిందే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటాకు తగిన భద్రత పెట్టని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. జరిమానా సంస్థకే పడినా, ఎవరి ఫోన్ నుంచి బయటికి పోయిందో ఆ సంస్థ వెతుకుతుంది.

అవసరమైతే ఒక్క డాక్టరుకే పంపండి. పేరు కత్తిరించి ఓపీ నంబరు మాత్రం ఉంచండి. పని అయ్యాక గ్యాలరీ నుంచి తీసేయండి, ఫొటోలు ఆటోమేటిక్‌గా కుటుంబం చూసే ఫోల్డర్లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చుకోండి. డిశ్చార్జి సమ్మరీ రాయడానికి బయటి ఏఐ యాప్‌లలో పేషెంటు వివరాలు యథాతథంగా అతికించొద్దు. ఆసుపత్రి అధికారికంగా ఇచ్చిన ఏఐ పరికరమైనా, ఎక్స్‌రే చదివే సాఫ్ట్‌వేరైనా సలహా మాత్రమే ఇస్తుంది, సంతకం చేసేది మనిషే. ఇక పేషెంటు తన రికార్డు అడిగితే ఇవ్వనని తిప్పొద్దు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. అడిగింది అతనేనా, అతని తరఫున వచ్చినవాళ్లకు అధికారం ఉందా అన్నది మాత్రం చూసుకోండి.

సర్వర్ పడిపోయిన రోజు

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దేశంలో అంత పేరున్న ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్, ల్యాబ్, బిల్లింగ్ చాలా రోజులు చేతిరాత మీద నడిచాయి. అక్కడికే అలాంటి గతి పడితే, కరెంటు పోతే రూటర్ ఆగిపోయే మన ఆసుపత్రుల సంగతి ఆలోచించండి.

ప్రతి వార్డులో ఒక డౌన్‌టైమ్ ఫైలు ఉండాలి: ఖాళీ కేస్ షీట్లు, నంబర్లు వేసిన టోకెన్లు, ల్యాబ్ రిక్వెస్టు ఫారాలు, మందుల చార్టు, ముఖ్యమైన ఫోన్ నంబర్లు. షిఫ్టు మొదట్లో వార్డులోని పేషెంట్ల జాబితా, వాళ్ల మందులు ఒక ప్రింటు తీసి ఉంచితే సర్వర్ పోయినా ఆ రాత్రి గడుస్తుంది. సిస్టం తిరిగొచ్చాక ఎవరు, ఏ క్రమంలో ఎక్కిస్తారో ముందే తేల్చుకోండి, లేకపోతే ఒకే ఇంజెక్షన్ రెండుసార్లు నమోదవుతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో సినిమా పెన్‌డ్రైవ్ పెట్టొద్దు. “జీతం ఎరియర్స్ జాబితా” అని వచ్చిన లింకు నొక్కొద్దు. ఇలాంటి లింకులు ఏ మాటకు మన వేలు లొంగుతుందో చూసుకుని మరీ వస్తాయి.

ఉద్యోగంలో పైకి రావాలంటే

ఈ మార్పులో నష్టపోయేవాళ్లూ ఉన్నారు, ముందుకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన మొదటి నెలలో నేర్చుకుని పక్కవాళ్లకు నేర్పే మనిషిని ఇన్‌చార్జి మరచిపోరు. ట్రైనింగ్‌కు పేరు అడిగినప్పుడు తప్పించుకోవద్దు. ఎక్సెల్‌లో ఫిల్టర్, పివట్ టేబుల్ నేర్చుకుంటే నెలవారీ రిపోర్టు మీ చేతికి వస్తుంది, దానితో పాటు మీటింగ్‌లో కుర్చీ కూడా. నర్సులు క్వాలిటీ విభాగానికి, రికార్డ్స్ వాళ్లు ఐసీడీ-10 కోడింగ్‌కు, ల్యాబ్ వాళ్లు ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నిర్వహణకు మారిన దారులు ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రులకు ఎన్ఏబీహెచ్ 2023లో డిజిటల్ హెల్త్ ప్రమాణాలు తెచ్చింది, అవి చదివినవాళ్లకు విలువ ఉంటుంది. డాక్టర్లు, నర్సులు హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీలో తమ వివరాలు సరిచూసుకుని పెట్టుకోవాలి.

కానీ కోర్సుల పేరుతో మోసపోవద్దు. “మూడు నెలల మెడికల్ కోడింగ్, వంద శాతం ఉద్యోగం” అన్న ఫ్లెక్సీ ముందు ఆగి మూడు ప్రశ్నలు వేయండి: సర్టిఫికెట్ ఇచ్చేదెవరు, నిరుడు చేరినవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు అని రాసిస్తారా. మూడింటికీ నేరుగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. ఔట్‌సోర్సింగ్‌లో చేసేవాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్ నంబరు, అనుభవ పత్రం ఏజెన్సీ మారకముందే తీసుకోండి. ఏజెన్సీ పోయాక అడిగితే ఇచ్చేవాళ్లుండరు. మీరు చేసిన ట్రైనింగులు, వాడిన సాఫ్ట్‌వేర్లు, నడిపిన పనులు తేదీలతో ఒక పేజీలో రాసి ఉంచుకోండి. పేషెంట్ల డేటా మాత్రం అందులో ఒక్క లైనూ ఉండకూడదు.

చివరగా, రేపు డ్యూటీకి వెళ్లగానే మూడు పనులు చేయండి. మీ పాస్‌వర్డ్ మార్చి ఎవరికీ చెప్పకండి. మీ వార్డులోనో సెంటర్‌లోనో డౌన్‌టైమ్ ఫారాలు ఎక్కడున్నాయో అడిగి చూడండి, లేకపోతే మీరే నాలుగు జిరాక్సు తీయించి ఫైలు పెట్టండి. పెండింగ్‌లో ఉన్న ఎంట్రీల్లో మీరు కళ్లారా చూసినవే మీ లాగిన్‌తో ఎక్కించండి, మిగతావి చూడలేదని రాయండి. టార్గెట్ తగ్గితే మీటింగ్‌లో తిట్లు తింటాం, అది ఆ సాయంత్రంతో పోతుంది. చూడని బీపీకి వేసిన అంకె మాత్రం మీ పేరుతో ఆ రికార్డులోనే ఉండిపోతుంది.